జర్మనీ ఇంజిన్లో మా బావమరిది

మా బావమరిది జర్మనీలో గూడ్సు బండి నడిపేవాడు. నేను విజయనగరం నుంచి ఒకరోజు పలాస వైపు, ఇంకోరోజు రాయగడ వైపు గూడ్సు బండే నడుపుతాను. కాగితాల మీద మమ్మల్ని లోకో పైలట్లంటారు గానీ, మా సాలూరు వాళ్ళ నోట్లో ఇప్పటికీ డ్రైవర్లమే. మా ఇళ్ళలో మగపిల్లాడు పుట్టాడంటే లారీ స్టీరింగే గతి. నేను రైల్వేలో చేరినప్పుడు మా నాన్న మెచ్చుకోలేదు సరికదా, "స్టీరింగే నేదు, అదేటి బండిరా? పట్టా ఎటు తీసుకెల్తే అటు పోడమే గదా" అని నలుగురిలో నవ్వాడు.

మా ఆవిడ నాకు సొంత మేనమామ కూతురు. ఆమె తమ్ముడు మాటలొచ్చినప్పటి నుంచీ నన్ను బావా అంటూ నా వెనకే తిరిగాడు. చివరికి రైల్వేలోకీ నా వెనకే వచ్చాడు. అసిస్టెంటుగా కొన్నేళ్ళు నా పక్క సీట్లో కూర్చున్నాడు. తర్వాత ఉన్నట్టుండి ఉద్యోగం వదిలేసి, విశాఖపట్నంలో జర్మను భాష నేర్చుకుని, పరీక్షలు రాసి, అక్కడి గూడ్సు కంపెనీ ఒకదాంట్లో చేరిపోయాడు. నేను తిట్టని తిట్టు లేదు. "బంగారంలాటి గవర్నమెంటు ఉద్యోగం. నీకేటైనా దెయ్యం పట్టినాదేట్రా?" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. వాడి పద్ధతి మొదట్నుంచీ అంతే. మనం అరిచి అరిచి అలిసిపోయేదాకా నవ్వుతూ కూర్చుంటాడు.

వెళ్ళాక ప్రతి ఆదివారం ఫోను. వాడు చెప్పేదీ ఇంజిన్ల గురించే, నేను అడిగేదీ ఇంజిన్ల గురించే. "నా తమ్ముడు తిన్నాడో నేదో ఒక్క మాటైనా అడగవేటి బావా? ఎప్పుడూ ఆ దిక్కుమాలిన సిగ్నల్లేనా?" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకలేసేది.

అక్కడ అన్నీ తిరగేసి ఉంటాయట. మన బండ్లు ఎడమ పట్టా మీద పోతే వాళ్ళవి కుడి పట్టా మీద పోతాయి. డ్రైవరు కూర్చునేదీ కుడివైపే. మొదటి నెలంతా వాడి మెడ ఊరికే ఎడమకి తిరిగిపోయేదట. ఇంజిన్లు మాత్రం మావీ వాళ్ళవీ దాయాదుల్లాంటివే. మోటార్లు అదే రకం, తీగలో ఓల్టేజి తేడా తప్ప. దిగుడులో బ్రేకు పట్టుకుంటే కరెంటు వెనక్కి తీగలోకి పోవడం ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. "బరువైతే మన బొగ్గు బండిలో సగం కూడా ఉండదు బావా" అని వాడంటే నేను ఇక్కడ కూర్చుని మీసం దువ్వుకున్నాను. పైగా వాళ్ళ వ్యాగన్లని ఒకదానికొకటి కలపడానికి ఇంకా గొలుసు కప్లింగులేనట, ఒక్కోసారి డ్రైవరే దిగి తగిలించుకోవాలట. పడీపడీ నవ్వాను. "గూడ్సుకి ఆ గొలుసులు మనం మానీసి ఎన్నేల్లయినాదిరా? జర్మనీ అంటే ఏటో అనుకున్నాను" అన్నాను. ఇంకోసారి కాస్త ఆశగా, "ఇంజిన్లో లెట్రిన్ ఉన్నాదేట్రా?" అని అడిగాను. "నేదు బావా. ఇక్కడా నేదు" అన్నాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. మా ఆవిడ వచ్చి ఫోను లాక్కుంది.

హారన్ సంగతి మాత్రం నేను నమ్మలేకపోయాను. వాడికి హారన్‌తో పెద్దగా పనే లేదట. నాకు హారన్ మీంచి చెయ్యి తీస్తే కదా! గరివిడి దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్ళు సైకిలు భుజాన వేసుకుని పట్టాలు దాటుతుంటారు. చీపురుపల్లి దాటగానే గేదెలు. పొందూరు వైపు పొలాల్లోకి పోయే ఆడవాళ్ళు, చెవిలో ఫోను పెట్టుకుని పట్టా మధ్యలో నడిచే కుర్రాళ్ళు. నేను కూత వేస్తూనే ఉంటాను, వాళ్ళు చివరి నిమిషంలో పక్కకి జరుగుతూనే ఉంటారు. జరిగాక నా వైపు చూసి నవ్వుతారు కూడా. వాళ్ళకి అది నవ్వులాట, నాకు ప్రాణం గొంతులోకి వచ్చి వెనక్కి పోవడం. "మీ ఊల్లో డ్రైవర్లు అదురుష్టవంతులురా" అన్నాను వాడితో.

ఇంకో తేడా ఉంది, అన్నిటికంటే పెద్దది. ఇక్కడ ఇంజిన్లో ఇద్దరం ఉంటాం. సిగ్నలు కనపడగానే అసిస్టెంటు చెయ్యెత్తి దాని రంగు గట్టిగా చెబుతాడు, నేనూ చెయ్యెత్తి అదే మాట తిరిగి చెబుతాను. గొంతు పోయినా సరే, ఒళ్ళు బాగాలేకపోయినా సరే. నేనూ బావమరిదీ ఇంట్లో గొడవపడి మాటలు మానేసిన రోజుల్లో కూడా సిగ్నళ్ళు మాత్రం ఒకరికొకరం చెప్పుకున్నాం. అక్కడ వాడు ఒక్కడే. కాలి కింద ఒక పెడలు ఉంటుంది, అర నిమిషానికోసారి వదిలి మళ్ళీ తొక్కాలి. తొక్కకపోతే బజరు మోగుతుంది. అప్పటికీ తొక్కకపోతే బండి దానంతటదే ఆగిపోతుంది.

"మరి సిగ్నలు ఎవులికి సెప్తావురా?" అన్నాను.

"అద్దానికి సెప్తన్నాను బావా. గట్టిగానే సెప్తన్నాను. అలవాటు పోలేదు" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ ఫోను ఆదివారం రాలేదు. వారం మధ్యలో, నేను మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినప్పుడు వచ్చింది.

"బావా, ఒకటయిపోయినాది" అన్నాడు.

మా డ్రైవర్లలో ఆ మాటకి ఒకటే అర్థం. బండి కింద మనిషి పోయాడు. రన్ ఓవర్ అని కాగితం మీద రాస్తాం గానీ, ఇళ్ళలో ఆ మాట ఎత్తం. ఒకటయింది అంటాం, అంతే.

అక్కడ అప్పుడు పొద్దున్న. మంచు విడుతున్న వేళ, పొలాల మధ్య పట్టా. కోటు వేసుకున్న ముసలాయన గట్టెక్కి వచ్చి పట్టాల మధ్య నిలబడ్డాడట. బండి వైపు తిరిగే నిలబడ్డాడట. వాడు బ్రేకు మొత్తం వేసేశాడు, హారన్ కొట్టాడు. ఎంత సగం బరువైనా గూడ్సు గూడ్సే, అక్కడికక్కడ ఎలా ఆగుతుంది? "నా కల్లలోకి సూసినాడు బావా. మొకం పక్కకి తిప్పనేదు" అన్నాడు.

ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో వాడు మెల్లగా చాలా రోజులకి చెప్పాడు. రేడియోలో చెప్పగానే చుట్టుపక్కల బండ్లన్నీ ఆపేశారు. నువ్వు దిగొద్దు, చూడొద్దు, మేం వస్తున్నాం అన్నారు. ఎవరో వచ్చేదాకా వాడు ఆ ఇంజిన్లో ఒక్కడే కూర్చున్నాడు. తర్వాత వచ్చినాయన దుప్పటి కప్పి, టీ ఇచ్చి, చెయ్యి పట్టుకుని దింపాడు. బండిని ఇంకో అంగుళం కూడా వాణ్ణి కదపనివ్వలేదు. వేరే డ్రైవరు వచ్చాడు. వాణ్ణి కారులో ఇంటికి పంపారు. సెలవిచ్చారు. మనసుకి సంబంధించిన డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమె వాణ్ణి, "మళ్ళీ నడపగలవా?" అని అడిగిందట. వాడు "తెలియదు" అన్నాడట. సరే, తెలిసేదాకా ఇంట్లో ఉండు అందట.

ఇక్కడ మాకు ఒకటయితే బండి ఆగుతుంది. అసిస్టెంటు దిగి వెనక్కి నడిచి చూసొస్తాడు. దగ్గర్లో పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్ళుంటే సాయం పడతారు. తర్వాతి స్టేషన్లో మెమో ఇస్తాం. ఫలానా కిలోమీటరు దగ్గర, గుర్తు తెలియని వ్యక్తి. బండి మళ్ళీ కదులుతుంది, కదిపేది నేనే. నా బదులు ఇంకొకర్ని పంపమని రిలీఫ్ అడగకూడదని కాదు. అడగొచ్చు, అడిగితే ఇస్తారు కూడా. కానీ మేం అడగం. అడగడం మా వాళ్ళలో నామోషీ. వెనక బండ్లు నిలిచిపోతాయి, రెస్టులో ఉన్నవాణ్ణి లేపాలి, పైగా "ఆడికి గుండె నేదురా" అని మేం డ్యూటీ ఎక్కే లాబీలో వెనకాల నవ్వుకుంటారు. అడక్కుండా బండిని గమ్యం చేర్చినవాడే మగాడని మా ముందువాళ్ళు అనుకున్నారు. మేమూ అదే అనుకున్నాం. మా బుద్ధి తగలెయ్య!

రెండు నెలలకి వాడు సెలవు మీద వచ్చాడు. విశాఖపట్నంలో విమానం దిగితే కారు తీసుకుని నేనే వెళ్ళాను. మనిషి సగమైపోయాడు. దారిలో కారు భోగాపురం మీదుగా తిప్పి, "అదిగోరా కొత్త ఎయిర్‌పోర్టు, ఇంక నువ్వు ఇంటి పక్కనే దిగొచ్చు" అని చూపించాను. తల తిప్పలేదు.

మా ఆవిడ వీధి గుమ్మంలో దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని నిలబడింది. వాడు కారు దిగి అక్క మొహం చూశాడు. గుమ్మం దాకా వచ్చినట్టే వచ్చి, పక్క సందులోకి తిరిగి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఎందుకెళ్ళాడో మా ఇద్దరికీ తెలుసు. మా డ్రైవర్ల ఇళ్ళలో ఒక పద్ధతుంది. ఒకటయిన రోజు డ్రైవరు వీధి గుమ్మంలోంచి లోపలికి రాడు. పెరట్లోకి వెళ్ళి నిలబడతాడు. ఇంటావిడ చూసి ఏమీ అడగదు. నీళ్ళు కాచి, పసుపు కలిపి, ఒంటి మీద బట్టలుండగానే తల మీంచి పోస్తుంది. ఆ బట్టలు మళ్ళీ కట్టుకోడు. చావింటి నుంచి వచ్చినవాడికి చేసినట్టే. పోయినవాళ్ళు ఎవరో మాకు తెలియదు, వాళ్ళ తరఫున మాత్రం మా ఇంట్లో మైల పడుతుంది.

మా ఆవిడ పళ్ళెం కింద పెట్టేసి గబగబా లోపలికి వెళ్ళింది. వాడు ఆ మందపాటి కోటుతో, బూట్లతో, ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జరిగి రెండు నెలలైంది. ఎన్ని సముద్రాలు దాటి వచ్చాడో, ఆ మైల అలాగే మోసుకుని వచ్చాడు. ఆమె నీళ్ళు తెచ్చి చెంబుతో పోయడం మొదలుపెట్టింది. మొదటి చెంబుకే వాడు కూలబడిపోయి బావురుమన్నాడు.

"అక్కా, అక్కడ అన్నీ సేసినారే. టీ ఇచ్చినారు, డాక్టర్ని పెట్టినారు. నీల్లు మాత్రం ఎవులూ పొయ్యనేదే" అన్నాడు.

"ఊరుకోరా నాన్నా, నేనున్నాను గదా. ఊరుకో" అంటూ ఆమె పోస్తూనే ఉంది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది?

మర్నాడు పొద్దున్న కాఫీలు తాగుతూ అరుగు మీద కూర్చున్నాం. వాడి సెలవు ఇంకో నెలలో అయిపోతుంది. వెళ్ళి ఆ డాక్టరమ్మకి ఏదో ఒకటి చెప్పాలి, ఇంజిన్ ఎక్కగలనో లేనో. వాడికి తెలిసిన పని అదొక్కటే. దానికోసమే ఇక్కడి ఉద్యోగం వదులుకున్నాడు, అక్కడి భాష నేర్చుకున్నాడు. బండి నడిపే హ్యాండిల్ పట్టుకోలేకపోతే వాడు మరి ఏమవుతాడో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

"బావా, పొందూరు దగ్గర మనిద్దరికీ అయినాది, గురుతున్నాదా?" అన్నాడు.

గుర్తు లేకపోవడమేమిటి! వాడు నా పక్కన కూర్చున్న రోజుల్లో అది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి. మోపు అడ్డమై బండి కనపడలేదో, కూత గాలికి కొట్టుకుపోయిందో. నేను హ్యాండిల్ దగ్గరే ఉండిపోయాను. దిగి చూసింది వాడు. తిరిగొచ్చినప్పుడు మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు నేను వాడి భుజం పట్టుకుని ఒక మాటన్నాను. "ఒరే, హ్యాండిల్ నా సేతిలో ఉన్నాది. పాపమంటూ ఉంటే నాది. నీకేటీ అంటదు. తెలిసినాదా?"

వాడు ఆ మాటే ఎత్తాడు. "ఆ మాట పట్టుకునే బతికినాను బావా. దిగి సూసినోన్ని నేనే అయినా, నువ్వు మీదేసుకున్నావని ఇంటికెల్లి సుబ్బరంగా పడుకున్నాను. ఈపాలి హ్యాండిల్ నా సేతిలోనే ఉన్నాది. పక్కన ఎవులూ నేరు. ఇది ఎవులి మీదెయ్యాల?"

"నా మీదే ఎయ్యరా" అన్నాను.

"అంత దూరం నుంచి ఎలగేస్తాను బావా?" అన్నాడు.

ఆ రోజంతా నాకు ఆ మాటే చెవిలో తిరిగింది. వాడి భారం నేను తీసుకున్నాను, బాగానే ఉంది. నాది ఎవరు తీసుకున్నారు? ఆ గడ్డిమోపావిడ పేరేమిటో, ఏ ఊరో, ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు. ఆ తర్వాత నా బండి కింద పోయినవాళ్ళ సంగతీ అంతే. నీళ్ళు పోయించుకున్నాను, రెస్టు తీసుకున్నాను, మళ్ళీ బండెక్కాను. మోయడం చేతనయిందనుకున్నాను. మోస్తున్నానని కూడా మర్చిపోయానని అప్పుడే తెలిసింది.

నెల తిరక్కుండా వాడు వెళ్ళిపోయాడు. ప్రయత్నిస్తానన్నాడు. అక్కడివాళ్ళు తొందరపెట్టలేదు. మొదట కొన్నాళ్ళు వాడి పక్కన ఒక పాత డ్రైవర్ని కూర్చోబెట్టి నడిపించారు. పక్కన మనిషున్నన్నాళ్ళూ బాగానే నడిపాడు. "ఆయనకి సిగ్నల్లు సెప్తన్నాను బావా, తెలుగులోనే. ముసిలోడు ఊ కొడతన్నాడు" అని ఫోను చేసి నవ్వితే మా ఆవిడ ఇంట్లో దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. గండం గడిచిందనే అనుకున్నాం.

తర్వాత ఒక్కణ్ణే పంపారు. స్టేషన్లో బండి నిలబడి ఉంది, సిగ్నలు ఇచ్చారు. వాడు కదపలేదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించినా చెయ్యి రాలేదు. కంట్రోలువాళ్ళు ఏమైందని అడిగితే, "నేను దిగిపోతాను" అన్నాడట. సరే, దిగు, ఇంకొకర్ని పంపిస్తాం అన్నారట. వెనక ఎన్ని బండ్లు ఆగాయో, ఎంత ఆలస్యమైందో, ఒక్కరూ ఎత్తలేదట.

"ఒక్క మాటైనా తిట్టనేదు బావా" అని ఫోనులో వెక్కివెక్కి ఏడ్చాడు. "తిట్టుంటే కోపానికైనా బండి కదిపీసుందును."

ఇప్పుడు వాడు పార్సిళ్ళ గోదాములో పని చేస్తున్నాడు. గోదాము వెనక పట్టా ఉందట. బండి చప్పుడు వినపడితే అటు వీపు పెట్టుకుంటాడట.

ఆ సంగతి తెలిసిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. మా ఆవిడ ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుని, వంటింట్లోకి పోకుండా వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆడు దిగిపోనాడు. నువ్వెప్పుడు దిగుతావు బావా?" అంది.

"నాకేటయినాదే?" అన్నాను.

"ఆడికి ఒక్కటయినాది. నీకెన్నయినాయో నీకు తెలవదు. నాకు తెలుసు. నీల్లు పోసింది నేనే గదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద కోపమో తెలియని కోపం. "ఆడికేటి, అడిగేవోల్లున్నారు. కూకోబెట్టి, మల్లీ నడపగలవా అని అడిగినారు. ఇన్నేల్ల సర్వీసులో నన్నెవులడిగినారు? ఎవులైనా అడిగిననాడు సూద్దాం" అని గట్టిగా అరిచాను.

ఆమె అరవలేదు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"నేనడుగుతన్నాను. మల్లీ నడపగలవా బావా?" అంది.

నోరు తెరిచాను. నా ఫోను మోగింది. లాబీ నుంచి డ్యూటీకి పిలుపు. బొబ్బిలి మీదుగా రాయగడకి ఖాళీ వ్యాగన్లు. "వస్తన్నాను" అని వాళ్ళకి చెప్పాను. ఆమె చెయ్యి వదిలి లేచి క్యారేజీలో అన్నం సర్దింది. నేను బూట్లు వేసుకుని వెళ్ళిపోయాను. ఆమె అడిగినదానికి ఇప్పటికీ జవాబు చెప్పలేదు.